కీమో దగ్గరికొచ్చింది.. మరి తిండి సంగతి?

కథలాపూర్ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి దాదాపు 200 కిలోమీటర్లు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల వైపు కుటుంబాలకు ఇన్నేళ్లూ కీమో అంటే ఈ ప్రయాణమే. బస్సు ఛార్జీలు, సత్రంలో రాత్రులు, తోడు వెళ్లినవారి కూలి పోవడం.. ఇవన్నీ చికిత్సలో భాగమైపోయాయి.

ఇప్పుడు ఆ దూరం తగ్గే దారి కనిపిస్తోంది. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, అందులో 200 కేంద్రాలు 2025-26లోనే వస్తాయని 2025 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. మన రాష్ట్రంలోనూ జిల్లాల్లో డేకేర్ కీమో మొదలైంది. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పొద్దున వెళ్లి, మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇంటికి చేరడం రోగికి పెద్ద ఊరట. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్ కేసులు వస్తున్నాయి. అందరికీ పెద్ద నగరాలే దిక్కు కావడం సాధ్యం కాదు కూడా.

అయితే ఈ మార్పులో ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది. సెలైన్ బాటిల్ ఖాళీ అవడానికి కొన్ని గంటలు చాలు. దాని ఫలితాలు బయటపడేది మాత్రం ఇంటికి వచ్చాకే. వికారం, వాంతులు మొదటి అయిదు రోజుల్లో ఎక్కువ. నోటిపూత సాధారణంగా మొదటి వారం చివరి నుంచి రెండో వారం వరకు బాధిస్తుంది. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయేదీ దాదాపు అప్పుడే. అంటే రోగి తినలేక అవస్థ పడే రోజుల్లో పక్కన నర్సు ఉండదు, డైటీషియన్ ఉండదు. వంటింట్లో ఉన్న అమ్మో, అత్తో, కోడలో ఉంటారు. కీమో జిల్లాకు వచ్చింది సరే, ఆ తర్వాతి వార్డు మన వంటిల్లే అయ్యింది. ఆ వంటింటికి ఎవరు ఏం చెప్పి పంపుతున్నారన్నదే అసలు ప్రశ్న.

తినకపోవడం కాదు, తినలేకపోవడం

"ఎంత చేసిపెట్టినా ముద్ద ముట్టడం లేదు." క్యాన్సర్ రోగి ఉన్న ఇంట్లో ఎక్కువగా వినిపించే మాట ఇది. ఆ మాటలో ప్రేమ ఉంది, కొంత కోపమూ ఉంది. రోగికి మాత్రం అది నేరారోపణలా వినిపిస్తుంది.

నిజానికి ఆకలి చచ్చిపోవడం మొండితనం కాదు, మనోధైర్యం లేకపోవడమూ కాదు. జబ్బు వల్ల శరీరంలో పెరిగే కొన్ని రసాయనాలు మెదడులోని ఆకలి కేంద్రాన్ని అణిచేస్తాయి. వాటిలో జీడీఎఫ్-15 అనే ప్రొటీన్ మీద ఇప్పుడు ప్రపంచమంతా పరిశోధన సాగుతోంది. దాన్ని అడ్డుకునే పాన్‌సెగ్రోమాబ్ అనే మందును 187 మంది రోగుల మీద పరీక్షించిన ఫలితాలు 2024 సెప్టెంబరులో వెలువడ్డాయి. ఎక్కువ మోతాదు తీసుకున్నవారికీ, ఉత్త సూది తీసుకున్నవారికీ మధ్య 12 వారాల్లో 2.8 కిలోల బరువు తేడా వచ్చింది. ఆ మందు ఇంకా పరీక్షల దశలోనే ఉంది. కానీ ఒక సంగతి మాత్రం తేలింది: ఆకలి లేకపోవడానికి రక్తంలోనే కారణం ఉంది.

దీనికి తోడు కీమో, రేడియేషన్ల వల్ల రుచి మారుతుంది. నోట్లో ఇనుము నమిలినట్టుంటుంది. పోపు వాసనకే కడుపులో తిప్పుతుంది. నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోతుంది. గొంతు, నోటి క్యాన్సర్లలోనైతే మింగడమే నరకం.

తిండి తగ్గితే కొవ్వు ఒక్కటే కరగదు, కండ కరుగుతుంది. కండ తగ్గిన శరీరం మందు తాకిడికి తట్టుకోలేదు. దుష్ఫలితాలు ఎక్కువవుతాయి. అప్పుడు డాక్టర్లు మోతాదు తగ్గించాల్సి రావచ్చు, తర్వాతి కీమో వాయిదా వేయాల్సి రావచ్చు. కాబట్టి తిండి అనేది చికిత్సకు బయటి విషయం కాదు. చికిత్స అనుకున్న ప్రకారం పూర్తవుతుందా లేదా అన్నది కొంతవరకు దాని మీదే ఆధారపడి ఉంది.

కాటా చెప్పే నిజం

ఆరు నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గితే దాన్ని క్యాన్సర్ వల్ల వచ్చే క్షీణతగా గుర్తించాలని 2011లో అంతర్జాతీయ నిపుణులు నిర్ధారించారు. ముందే సన్నగా ఉన్నవారికి 2 శాతం తగ్గినా ప్రమాద సూచనే. 50 కిలోల మనిషికి 5 శాతం అంటే రెండున్నర కిలోలే. చీర కట్టులోనో, వదులు చొక్కాలోనో ఆ తేడా ఇంట్లోవారి కంటికి ఆనదు. గుర్తించేసరికి ఆరేడు కిలోలు పోయి ఉంటాయి. అప్పటికి పరిస్థితిని వెనక్కి తిప్పడం కష్టం. ఈ క్షీణత బాగా ముదిరితే తిండి ఒక్కదానితో పూర్తిగా పూడ్చలేం. అందుకే ముందే పట్టుకోవాలి.

చేయాల్సింది చిన్న పని. వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున ఏమీ తినకముందు, ఒకే కాటా మీద బరువు చూసి నోట్‌బుక్‌లో రాయండి. ఇంట్లో కాటా లేకపోతే దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనో, మందుల షాపులోనో చూసుకోవచ్చు. కాళ్లు ఉబ్బినా, పొట్టలో నీరు చేరినా బరువు పెరిగినట్టు కనిపిస్తుందని మాత్రం మరవకండి. అలాంటప్పుడు కాటాను నమ్మకుండా డాక్టర్‌కు చూపించాలి.

కాటాతోపాటు రెండు ప్రశ్నలు. ఈ మధ్య ప్రయత్నించకుండానే బరువు తగ్గారా? ఆకలి లేక తిండి తగ్గిందా? ఆస్ట్రేలియాలో తయారై చాలా దేశాల ఆసుపత్రుల్లో వాడుతున్న పరీక్ష సారాంశం ఈ రెండు ప్రశ్నలే. వీటికి డాక్టర్ అక్కర్లేదు. ఆశా కార్యకర్త అడగగలదు, ఇంట్లోవారూ అడగగలరు.

పథ్యం పేరిట పస్తులు

జబ్బు చేసిన మనిషికి మన ఇళ్లల్లో మొదట దొరికేది సలహా. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడని, పెరుగు చలువని, వంకాయ దురదని.. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పి వెళ్తారు. చివరికి కంచంలో మిగిలేది చారన్నం, గంజి. ఆపరేషన్ గాయం మానడానికి కావాల్సిందే ప్రొటీన్. అది ఉన్న పప్పును, గుడ్డును మాన్పించడమంటే ఆకలి లేని మనిషిని ఇంకా పస్తు పెట్టడమే.

"చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుంది" అన్నది ఇంకో మాట. శరీరంలోని ప్రతి కణమూ గ్లూకోజు వాడుకుంటుంది. తిండి మానేసినా శరీరం తన కండను కరిగించి గ్లూకోజు తయారుచేసుకుంటుంది. చక్కెర మానేసి కణితిని మాడ్చడం కుదరదు. షుగర్ జబ్బు ఉన్నవారు, కీమోతోపాటు స్టెరాయిడ్లు వాడుతున్నవారు మాత్రం షుగర్ చూపించుకుంటూ డాక్టర్ చెప్పినట్టు నడుచుకోవాలి. మిగతావారికి ముక్క బెల్లం, పాయసం మీద నిషేధం అక్కర్లేదు.

మన మెట్‌పల్లి, కోరుట్ల పొలాల్లో పండే పసుపు కూరలో వేసుకోవడం మంచిదే. కానీ పసుపు మాత్రలు, లక్ష్మణఫలం ఆకుల కషాయం, బొప్పాయి ఆకు రసం, ఎవరో ఇచ్చిన పొడులు వేరే సంగతి. కొన్ని కాలేయానికి భారమవుతాయి, కొన్ని కీమో మందులతో కలబడతాయి. డాక్టర్‌కు చెప్పకుండా ఏదీ మింగొద్దు. ఇప్పటికే వాడుతుంటే దాచొద్దు.

పచ్చి పండ్లు, కూరగాయలు పూర్తిగా మానాలన్న కఠిన నియమం వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయని పరీక్షల్లో తేలలేదు. శుభ్రత ముఖ్యం. పండు బాగా కడిగి, తొక్క తీసి, అప్పటికప్పుడు తినాలి. బయట కోసి అమ్మే ముక్కలు, సగం ఉడికిన గుడ్డు, నిన్నటి మాంసం కూర, కాచని పాలు, రోడ్డు పక్క చట్నీలు వద్దు.

ఎంత తినాలి?

చికిత్సలో ఉన్న రోగికి కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 క్యాలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలన్నది నిపుణుల మార్గదర్శకం. 50 కిలోల మనిషికి ఇది 1,250 నుంచి 1,500 క్యాలరీలు, 50 నుంచి 75 గ్రాముల ప్రొటీన్. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ప్రొటీన్ లెక్క వేరు, డాక్టరే చెప్పాలి.

లెక్క పెద్దదిగా కనిపిస్తుంది గానీ మన ఇంటి సరుకుతోనే సరిపోతుంది. రోజంతా కలిపి రెండు గ్లాసుల పాలు, రెండు గుడ్లు, గుప్పెడున్నర పప్పు, గుప్పెడు పల్లీలు, ఒక గిన్నె పెరుగు, 120 గ్రాముల బియ్యం, నాలుగు చెంచాల నూనె లేదా నెయ్యి, ఒక అరటిపండు. ఇవన్నీ కలిపితే సుమారు 1,500 క్యాలరీలు, 55 గ్రాముల ప్రొటీన్. గుడ్డు తిననివారు పాలు, పెరుగు, పప్పు, పల్లీలు, సోయా పెంచుకోవాలి. కోడికూర, చేపలు తినగలిగినవారికి ఇంకా సులువు.

ఇదంతా మూడు పూటల్లో తినమంటే ఏ రోగి వల్లా కాదు. రెండు, రెండున్నర గంటలకోసారి చిన్న గిన్నెలో పెట్టండి. పెద్ద కంచంలో కొంచెం అన్నం కంటే చిన్న గిన్నె నిండుగా ఉంటే మనసుకు తేలిక. చాలామందికి ఆకలి కాస్త బాగుండేది పొద్దుటి పూటే. బలమైన తిండి అప్పుడే పెట్టాలి.

రెండో సూత్రం: ప్రతి ముద్దలో బలం ఉండాలి. నీళ్లలో కాచిన రాగి జావను పాలతో కాచి, చెంచా నెయ్యి, రెండు చెంచాల వేయించిన పల్లీల పొడి కలపండి. అదే గ్లాసులో శక్తి మూడు రెట్లకు పైనే అవుతుంది. మక్క గటక, జొన్న గటక పెరుగుతో మెత్తగా చేయొచ్చు. పెసరపప్పు కిచిడీలో నెయ్యి వేయొచ్చు. సల్లకు బదులు చిక్కటి పెరుగు, టీకి బదులు పాలు. కొబ్బరి నీళ్లు, చారు, గంజి దాహానికి మంచివే. కానీ కడుపు నింపేస్తాయి, బలం అంతగా ఇవ్వవు. తిండికి ముందు కాకుండా మధ్యలో తాగించండి.

ఇబ్బందిని బట్టి వంట

వికారం ఉంటే: వేడి తిండి వాసన ఎక్కువ. గోరువెచ్చగానో, చల్లారాకో పెట్టండి. పోపు, వేపుళ్లు చేసేటప్పుడు రోగిని వేరే గదిలో ఉంచండి. పొద్దున లేవగానే రెండు బిస్కెట్లు, మరమరాలు లాంటి పొడి తిండి సాయపడుతుంది. తిన్న వెంటనే పడుకోవద్దు. వాంతి మాత్రలు వాంతి అయ్యాక వేసుకునేవి కావు. చీటీ మీద రాసిన వేళకు ముందే వేసుకోవాలి. బీడీలు చుట్టే ఇళ్లల్లో ఇంకో జాగ్రత్త ఉంది. తంబాకు ఘాటు వికారాన్ని పెంచుతుంది. చాట, తంబాకు, తునికాకు కట్టలు రోగి గదికి దూరంగా పెట్టండి.

నోరు చేదైతే: స్టీలు చెంచా బదులు ప్లాస్టిక్‌దో, చెక్కదో వాడండి. మాంసం రుచించకపోతే గుడ్డు, పప్పు, పనీర్ ప్రయత్నించండి. నోటిలో పుండ్లు లేకపోతే నిమ్మరసం, పచ్చిపులుసు రుచిని లేపుతాయి.

నోటిపూత వస్తే: పులుపు, కారం, గట్టి రొట్టె, సకినాలు, సర్వపిండి పక్కన పెట్టండి. పెరుగన్నం, మెత్తటి కిచిడీ, పాలలో నానిన ఇడ్లీ, గుడ్డు కస్టర్డ్, చల్లటి పాయసం మేలు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి. నొప్పి తగ్గే మందు రాయించుకుని, తినడానికి అరగంట ముందు వాడితే నాలుగు ముద్దలు దిగుతాయి.

మింగలేకపోతే: ముక్కు గొట్టం అనగానే చాలా కుటుంబాలు బెదిరిపోతాయి. "ఇక చివరికొచ్చింది" అనుకుంటాయి. నోటి, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్ జరుగుతున్నప్పుడు అది చాలామందికి కొన్ని వారాల ఏర్పాటే. పుండ్లు మానాక తీసేస్తారు. బరువు పోగొట్టుకుని చికిత్స మధ్యలో ఆపడం కంటే అది ఎంతో మేలు.

విరేచనాలైతే ఓఆర్‌ఎస్, పెరుగన్నం, అరటిపండు. మలబద్ధకమైతే నీళ్లు, పండ్లు, నాలుగడుగుల నడక. నొప్పికి మార్ఫిన్ లాంటి మందులు వాడుతున్నవారు విరేచనం సాఫీగా అయ్యే మందు తప్పక అడగాలి. మలబద్ధకం ఒక్కటే ఆకలిని చంపేయగలదు.

ఆకలికి మందు ఉందా?

ఉంది, ఆ రుజువు మన దక్షిణాది నుంచే వచ్చింది. పుదుచ్చేరిలోని జిప్‌మర్ వైద్యులు 124 మంది రోగులపై చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. జీర్ణాశయం, కాలేయం-క్లోమం, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు కీమో తీసుకుంటున్నవారికి ఒలాంజపిన్ అనే మందును రోజుకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చారు. మందు వాడినవారిలో 60 శాతం మంది బరువు 5 శాతానికి మించి పెరిగింది. ఉత్త మాత్ర వాడినవారిలో అది 9 శాతమే. ఆ ఏడాదే అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో ఈ మందును చేర్చింది.

ఇది పాత మందు, ఖరీదైనది కాదు. మానసిక వ్యాధులకూ వాడతారు కాబట్టి మందుల షాపులో చీటీ చదివి "ఇది పిచ్చి మందు కదా" అంటే కంగారుపడొద్దు. అలాగని సొంతంగా కొనొద్దు. మత్తు, షుగర్ పెరగడం లాంటివి ఉంటాయి, ఇతర మందులతో పొసగకపోవచ్చు. మీరు చేయాల్సిందల్లా బరువు రాసిన నోట్‌బుక్ చూపించి, "ఆకలికి ఏమైనా ఇవ్వగలరా?" అని డాక్టర్‌ను అడగడం. అడగకపోతే రద్దీ ఓపీలో ఆ మాట రాకుండానే చీటీ ముగిసిపోతుంది.

బలవంతం పనికిరాదు

కథలాపూర్ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లల్లో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు. దుబాయ్ నుంచి ఫోన్‌లో కొడుకు అడిగే మొదటి ప్రశ్న "అమ్మ తిన్నదా?" అనే. జవాబు చెప్పాల్సిన కోడలి మీద ఒత్తిడి, ఆ ఒత్తిడి చివరికి రోగి మీద. ముద్ద ముద్దకూ బతిమాలితే, కసిరితే తిండి వేళంటేనే భయం పుడుతుంది. గిన్నె దగ్గర పెట్టి, పక్కన కూర్చుని మీరూ తినండి. వద్దంటే తీసేసి, గంట తర్వాత మళ్లీ పెట్టండి. ఫోన్ చేసేవారు "తిన్నదా" అనడానికి బదులు "ఈ వారం బరువెంత? వాంతులు తగ్గాయా?" అని అడిగితే ఇంట్లోవారికి సాయం.

ఇంకో నిజమూ చెప్పుకోవాలి. జబ్బు చివరి దశకు చేరి, చికిత్స ఆగిపోయినప్పుడు ఆకలి తగ్గడం సహజం. అప్పుడు బలవంతంగా పెట్టిన తిండి ఆయుష్షు పెంచదు, బాధ పెంచుతుంది. నోరు తడపడం, ఇష్టమైనది రెండు చెంచాలు ఇవ్వడం చాలు. తిండి తినకపోవడం వల్లే పోయారని ఇంట్లోవారు జీవితాంతం కుమిలిపోవాల్సిన పనిలేదు.

ఇవి కనిపిస్తే ఆసుపత్రికే

కీమో తర్వాత జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, ఆ రాత్రే బయలుదేరండి. తెల్లారేదాకా ఆగొద్దు. ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం బాగా తగ్గితే, మింగేటప్పుడు పొరబోయి దగ్గు ఆగకపోతే, వాంతిలో గానీ మలంలో గానీ రక్తం కనిపిస్తే, మనిషి మత్తుగా మాట తడబడుతుంటే ఆలస్యం చేయొద్దు. డేకేర్ కేంద్రం నుంచి వచ్చేటప్పుడే "రాత్రి పూట ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చేయాలి?" అని అడిగి నంబరు రాసుకోండి.

లెక్కలోకి రాని ఖర్చు

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. ఆ లెక్క ఆపరేషన్, కీమో, రేడియేషన్ చుట్టూ తిరుగుతుంది. ఇంటి దగ్గర రోగి తాగే పాలు, తినే గుడ్డు అందులో లేవు. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. కడుపు నిండటానికి అవి చాలు, కండ నిలవడానికి చాలవు.

టీబీ విషయంలో ప్రభుత్వాలు ఈ సంగతి ఎప్పుడో గుర్తించాయి. 2018 నుంచి టీబీ రోగులకు పోషణ కోసం నెలకు రూ.500 ఇస్తూ, 2024 నవంబరు నుంచి దాన్ని రూ.1,000 చేశారు. తిండి లేకుండా మందు పనిచేయదన్న తర్కం టీబీకి సరైనదైతే, కీమోకి ఎందుకు కాదు? బీడీల కూలితో, మగ్గం కూలితో నడిచే ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వస్తే సంపాదన పడిపోయేదీ, పాలు గుడ్ల ఖర్చు పెరిగేదీ ఒకేసారి. మధ్యతరగతి ఇంటికి కూడా ఆరు నెలల చికిత్స తర్వాత మొదట కోత పడేది తిండి ఖర్చులోనే.

జిల్లాకో డేకేర్ కేంద్రం పెడుతున్నప్పుడే కొన్ని పనులు కలిపి చేయొచ్చు. ప్రతి కీమోకు బరువు చూస్తారు, ఎందుకంటే మందు మోతాదుకు ఆ అంకె కావాలి. అదే అంకెను పాత బరువుతో పోల్చి, 5 శాతం తగ్గితే కేసుషీటు మీద గుర్తు పెట్టడానికి కొత్త ఖర్చేమీ లేదు. కనీసం వారానికి రెండు రోజులు డైటీషియన్ ఉండాలి. మన గటక, కిచిడీ, జావల పేర్లతో తెలుగులో ఒక కాగితం ప్రతి ఇంటికీ వెళ్లాలి. కీమో అయిన వారం రోజులకు ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి ఆ రెండు ప్రశ్నలూ అడగాలి. టీబీ తరహాలో చికిత్స సాగినన్నాళ్లు పోషణ భత్యం ఇవ్వాలి.

ఇవన్నీ వచ్చేదాకా రోగి ఆగలేడు. ఈ ఆదివారం పొద్దున బరువు చూసి నోట్‌బుక్‌లో మొదటి అంకె రాయండి. తర్వాతి కీమోకు వెళ్లేటప్పుడు మందుల చీటీతోపాటు ఆ నోట్‌బుక్ కూడా సంచిలో పెట్టుకోండి.